సీనాయి కోడెక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రాతప్రతి గురించి తెలుగులో రెండు రకాల మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. "బైబిల్ ఒక్క అక్షరం కూడా మారలేదనడానికి ఇదే రుజువు" అని కొందరంటారు. "బైబిల్‌ను మార్చేశారనడానికి ఇదే రుజువు" అని ఇంకొందరంటారు. పుటలు తెరిచి చూస్తే ఈ రెండు మాటలూ నిలబడవు. అక్కడ కనిపించేవి పొరపాట్లు చేసిన మనుషుల చేతులు, వాటిని ఓపిగ్గా దిద్దిన మరికొన్ని చేతులు. మీరు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

అసలు సీనాయి కోడెక్స్ అంటే ఏమిటి?

నాలుగో శతాబ్దంలో చర్మపు కాగితాల మీద గ్రీకు భాషలో చేత్తో రాసిన బైబిల్ ఇది. పండితులు కోడెక్స్ సైనైటికస్ అంటారు. చుట్టలా కాకుండా, ఇప్పటి పుస్తకంలాగే ఆకులు మడిచి కుట్టిన గ్రంథాన్ని కోడెక్స్ అంటారు. ఈజిప్టులోని సీనాయి పర్వతం దగ్గరున్న సెయింట్ కేథరిన్ మఠంలో దొరికింది కాబట్టి ఆ పేరు వచ్చింది.

కొత్త నిబంధన మొత్తం ఒక్క పుట కూడా పోకుండా దొరికిన ప్రతుల్లో ఇదే అన్నిటికంటే పాతది. పాత నిబంధన మాత్రం దాదాపు సగం పోయింది. మొదట సుమారు 730 ఆకులు ఉండేవని అంచనా. ఇప్పుడు మిగిలినవి 400 పైచిలుకు.

అంటే ఇదే బైబిల్ ఒరిజినలా?

కాదు. పౌలు పత్రికలు మొదటి శతాబ్దంలో రాసినవి. వాటికీ ఈ ప్రతికీ మధ్య దాదాపు మూడు వందల ఏళ్ల దూరం ఉంది. ఇది కాపీలకు కాపీ. అపొస్తలులు స్వయంగా రాసిన ప్రతి ఒక్కటి కూడా మిగల్లేదు.

"ప్రపంచంలోనే అతి పాత బైబిల్" అనే మాట కూడా కాస్త సర్దుకుని వాడాలి. ఇంతకంటే పాతవైన పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) ముక్కలు చాలా ఉన్నాయి. మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీలో యోహాను సువార్త ముక్క ఒకటుంది. అరచేతిలో పట్టేంతే ఉంటుంది గానీ, చాలామంది దాన్ని రెండో శతాబ్దానిదిగా లెక్కిస్తారు. మృత సముద్రం ఒడ్డున దొరికిన హీబ్రూ చుట్టలు ఇంకా ముందువి.

తేదీ ఏమీ రాసి లేదు కదా, నాలుగో శతాబ్దమని ఎలా చెప్తారు?

ప్రధానంగా చేతిరాత తీరును బట్టి. గ్రీకు పెద్దక్షరాలు ఏ కాలంలో ఏ వంపుతో రాశారో, తేదీ తెలిసిన పత్రాలతో పోల్చి చూస్తారు. దీనికి తోడు ఒక గట్టి ఆధారం ఉంది. సువార్తల పక్కన అంచుల్లో కొన్ని అంకెలు కనిపిస్తాయి. ఒక సువార్తలోని ఘట్టం మిగతా వాటిలో ఎక్కడుందో వెతుక్కోడానికి పాలస్తీనాలోని కైసరయ పట్టణపు బిషప్ యూసేబియస్ తయారుచేసిన పద్ధతి అది. ఆయన సుమారు 339లో చనిపోయాడు. కాబట్టి ఈ ప్రతి నాలుగో శతాబ్దపు మొదటి ఏళ్లకంటే ముందుది అయ్యే వీల్లేదు.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి కొత్త రాజధానిలోని చర్చిల కోసం 50 బైబిళ్లు రాయించమని ఇదే యూసేబియస్‌ను కోరాడు. ఆ యాభైలో ఇదొకటి అని కొందరు రాస్తుంటారు. ఊహగా బాగుంది. రుజువు లేదు.

ఇంత పెద్ద పుస్తకాన్ని ఎలా తయారుచేశారు?

ముందు తోళ్లు కావాలి. దూడ, గొర్రె తోళ్లు వాడారు. సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చట్రానికి బిగించి లాగి, వంపు కత్తితో పల్చగా గీస్తూ ఆరబెడితే చర్మపు కాగితం వస్తుంది. ఒక్కో పుట సుమారు 38 సెంటీమీటర్ల పొడవు, 34 సెంటీమీటర్లకు పైగా వెడల్పు. ఈ సైజులో ఒక్కో జంతువు నుంచి వచ్చే ఆకులు చాలా తక్కువ. మొత్తం పుస్తకానికి వందల జంతువుల తోళ్లు పట్టి ఉంటాయి. ఆ రోజుల్లో దీని వెనక ఎంత డబ్బు ఉండాలో ఊహించుకోండి.

తర్వాత ఆకుల మీద సూదిలాంటి మొనతో, సిరా లేకుండా గీతలు గీశారు. పుటకు నాలుగు నిలువు వరుసలు, ఒక్కో వరుసలో 48 పంక్తులు. కీర్తనలు, సామెతలు లాంటి పద్యభాగాలకు మాత్రం రెండే వరుసలు. పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా ఎనిమిది వరుసలు కనిపిస్తాయి. ఇన్ని వరుసల బైబిల్ ప్రతి ఇంకెక్కడా మిగల్లేదు. మాచికాయల రసంలో ఇనుప లవణం కలిపి చేసిన సిరాతో రాశారు. అది కాలక్రమంలో గోధుమ రంగుకు తిరుగుతుంది. కీర్తనల శీర్షికల లాంటి చోట్ల ఎర్ర సిరా కూడా ఉంది.

మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. మన తాళపత్రాల్లోలాగే అక్షరాలు వరుసగా సాగిపోతాయి, చదివేవాళ్లే విడదీసుకోవాలి. దేవుడు, ప్రభువు, యేసు, క్రీస్తు లాంటి పవిత్ర నామాలను పూర్తిగా రాయకుండా మొదటి, చివరి అక్షరాలు రాసి పైన ఒక గీత గీశారు. అది చోటు ఆదా కోసం కాదు, భక్తితో చేసిన పని. గ్రీకు రాకపోయినా ఆ పైగీతలను మీరు ఏ పుటలోనైనా గుర్తుపట్టవచ్చు.

ఎవరు రాశారు?

పేర్లు తెలియవు, చేతులు మాత్రం తెలుసు. 1938లో మిల్న్, స్కీట్ అనే ఇద్దరు బ్రిటిష్ పండితులు అక్షరాలను జాగ్రత్తగా పోల్చి ముగ్గురు లేఖకులు రాశారని తేల్చారు. ఈ మధ్యకాలపు పరిశీలనలో, ఒక్కడే అనుకున్న వ్యక్తి నిజానికి ఇద్దరై ఉండాలని, అంటే మొత్తం నలుగురని అభిప్రాయం బలపడింది.

కొత్త నిబంధనలో ఎక్కువ భాగం 'ఏ' అని పిలిచే లేఖకుడిది. ప్రవక్తల గ్రంథాలు రాసిన 'బి' చేతిలో అక్షరదోషాలు లెక్కలేనన్ని. 'డి' అనే లేఖకుడు అందరికంటే నేర్పరి. 'ఏ' రాసిన కొన్ని ఆకులను తీసేసి, వాటి బదులు 'డి' కొత్తగా రాసి పెట్టాడు. బహుశా జట్టుకు పెద్ద ఆయనే అయి ఉంటాడు. పదహారు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పనిశాలలో ఎవరు ఎవరి పని సరిచూశారో చెప్పగలగడం నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

ఇందులో వేల తప్పులున్నాయట. మరి దాన్ని ఎలా నమ్మడం?

ఉన్నాయి. దిద్దుబాట్లు 20,000కు పైనే. చేతిరాత బైబిళ్లలో ఇంతగా దిద్దిన ప్రతి మరొకటి లేదు. కానీ ఆ సంఖ్య వినగానే కంగారు పడే ముందు, అవి ఎలాంటివో చూడాలి.

ఎక్కువ భాగం అక్షరదోషాలు. ఆనాటికి గ్రీకులో కొన్ని అచ్చులు ఒకేలా పలికేవారు, అందుకే చెవికి వినపడినట్టు రాసేశారు. కొన్ని చోట్ల కన్ను జారింది. దీనికి మంచి ఉదాహరణ లూకా 10వ అధ్యాయంలో, మంచి సమరయుడి కథలో ఉంది. గాయపడిన మనిషిని చూసి యాజకుడు పక్కగా వెళ్లిపోయాడని 31వ వచనం, లేవీయుడు కూడా అలాగే వెళ్లిపోయాడని 32వ వచనం చెప్తాయి. రెండూ గ్రీకులో ఒకే క్రియతో ముగుస్తాయి. లేఖకుడు మొదటిది రాసి తల ఎత్తాడు, మళ్లీ మూలం వైపు చూసేసరికి కన్ను రెండోదాని చివర పడింది. 32వ వచనం మొత్తం జారిపోయింది. లేవీయుడిని కథలోంచి తీసేయాలని ఎవరూ కుట్ర పన్నలేదు. చేత్తో నోట్స్ ఎక్కించిన ఏ విద్యార్థికైనా జరిగేదే ఇది.

దిద్దుబాట్లు కొన్ని పుస్తకం తయారైన చోటే జరిగాయి, మరికొన్ని అయిదు నుంచి ఏడో శతాబ్దం మధ్య జరిగాయి. అలా తర్వాత దిద్దినవాళ్లలో ఒకాయన ఎస్తేరు గ్రంథం చివర ఒక గమనిక రాసిపెట్టాడు. పాంఫిలస్ అనే హతసాక్షి స్వహస్తంతో సరిచూసిన చాలా పాత ప్రతితో దీన్ని పోల్చి దిద్దానని ఆ గమనిక చెప్తుంది. పాంఫిలస్ కైసరయలో గొప్ప గ్రంథాలయాన్ని పోగుచేసిన పండితుడు. జైల్లో ఉండగా కూడా ప్రతులు సరిచూశాడు. 310 ప్రాంతంలో విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చాడు. ఆ ప్రతి తర్వాత పోయింది. దాని సాక్ష్యం మాత్రం ఈ గమనికలో, ఈ దిద్దుబాట్లలో మిగిలింది.

అందుకే "తప్పులున్న ప్రతి కాబట్టి పనికిరాదు" అనే వాదన నాకు అర్థం కాదు. దిద్దుబాటు కనిపించే ప్రతిలో రెండు పాఠాలు దొరుకుతాయి: మొదట రాసింది, తర్వాత సరిచేసింది. దిద్దిన గుర్తులు లేని ప్రతి తప్పులు లేనిదని అర్థం కాదు. ఎవరూ సరిచూడలేదేమో.

ఇందులో కొన్ని వచనాలు లేవని వాట్సాప్‌లో చూశాను. నిజమేనా?

నిజమే. ముఖ్యమైనవి చెప్తాను.

మార్కు సువార్త 16:8తో ముగుస్తుంది. స్త్రీలు సమాధి దగ్గరనుంచి భయపడి పారిపోయారనే మాటతో ఆగిపోతుంది. పునరుత్థానుడైన యేసు కనిపించడం చెప్పే 9 నుంచి 20 వరకు వచనాలు ఇందులో లేవు. సమాధి ఖాళీగా ఉందని, ఆయన లేచాడని దూత చెప్పిన మాట మాత్రం 6వ వచనంలో ఉంది. ఫార్వర్డ్ మెసేజ్‌లలో ఈ ముక్క చెప్పరు.

వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను 7:53 నుంచి 8:11 వరకు, లేదు. మత్తయి 6లో పరలోక ప్రార్థన చివర "రాజ్యము, శక్తి, మహిమ" అంటూ చెప్పుకునే వాక్యం లేదు. 1 యోహాను 5:7లో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ ముగ్గురు సాక్షులని పాత ఇంగ్లీషు బైబిల్లో ఉండే మాట లేదు. ఈ చివరిది పాత గ్రీకు ప్రతులు వేటిలోనూ కనిపించదు.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: తీసేశారా, లేక తర్వాత చేరిందా? అన్ని కేసులకూ ఒకే జవాబు లేదు. పండితులు ఒక్కో వచనాన్ని విడిగా పరిశీలిస్తారు. ఎన్ని ప్రతుల్లో ఉంది, అవి ఎంత పాతవి, ఏ ప్రాంతాలవి, పాత లాటిన్, సిరియాక్ అనువాదాల్లో ఉందా, తొలి శతాబ్దాల రచయితలు ఉటంకించారా అని చూస్తారు. ప్రార్థన ముగింపు వాక్యం ఆరాధనలో చెప్పుకునే అలవాటు వల్ల పాఠంలోకి వచ్చిందని ఎక్కువమంది భావిస్తారు. దాన్ని ప్రార్థనలో చెప్పుకోవడం తప్పని దీనర్థం కాదు.

యోహాను సువార్త చివరి పుటలో ఇంకో సంగతి ఉంది. లేఖకుడు మొదట 21:24 దగ్గరే ఆపి, ముగింపు అలంకారం గీసేశాడు. తర్వాత దాన్ని చెరిపి 25వ వచనం రాసి, అలంకారం మళ్లీ కింద గీశాడు. మామూలు కంటికి ఇది దొరకలేదు. లండన్‌లో అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టి చూసినప్పుడు చెరిపిన గీతలు బయటపడ్డాయి.

ఇందులో అదనపు పుస్తకాలు కూడా ఉన్నాయా?

ఉన్నాయి. కొత్త నిబంధన తర్వాత బర్నబా పత్రిక పూర్తిగా, హెర్మస్ కాపరి అనే గ్రంథంలో కొంత భాగం ఉన్నాయి. తొలి క్రైస్తవులు వీటిని గౌరవంగా చదివేవారు. పాత నిబంధనలో తోబితు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు కనిపిస్తాయి. క్యాథలిక్ పాఠకులకు వీటిలో చాలావరకు పరిచయమే.

వరుస కూడా మనం ఎరిగినది కాదు. సువార్తల తర్వాత పౌలు పత్రికలు, ఆ తర్వాతే అపొస్తలుల కార్యములు. హెబ్రీ పత్రిక 2 థెస్సలొనీకకూ 1 తిమోతికీ మధ్యలో ఉంది.

చెత్తబుట్టలో దొరికిందంటారు. అది నిజమా?

ఆ కథ చెప్పింది టిషెన్‌డార్ఫ్ అనే జర్మన్ పండితుడు. 1844లో మఠానికి వెళ్లినప్పుడు, తగలబెట్టడానికి ఉంచిన బుట్టలో 129 ఆకులు చూశానని, అందులో 43 తనకిచ్చారని ఆయన రాశాడు. వాటిని లైప్‌జిగ్ తీసుకెళ్లి 1846లో ప్రచురించాడు.

మఠం ఈ కథను మొదటి నుంచీ ఒప్పుకోలేదు. విడి ఆకులను బుట్టల్లో దాచడం అక్కడి అలవాటేనని చెప్తుంది. చర్మపు కాగితం పొయ్యిలో సులభంగా మండే సరుకు కూడా కాదు. పైగా 1761లోనే ఇటాలియన్ యాత్రికుడు విటాలియానో డొనాటి ఆ మఠంలో అందమైన పెద్ద బైబిల్ ప్రతి ఒకటి చూసినట్టు డైరీలో రాసుకున్నాడు, అది ఇదే అయి ఉంటుంది. 1845లో రష్యన్ యాజకుడు పోర్ఫిరీ ఉస్పెన్‌స్కీ కూడా దీన్ని చూశాడు. విలువ తెలియని సన్యాసుల నుంచి యూరప్ పండితుడు కాపాడాడన్న కథనం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ ఎడారి మఠం లేకపోతే కాపాడ్డానికి ఏమీ మిగిలి ఉండేదే కాదు.

రష్యాకు ఎలా చేరింది? దొంగతనమా, కానుకా?

అన్నిటికంటే వేడిగా వాదించుకునే ప్రశ్న ఇదే. జరిగిన క్రమం చెప్తాను.

1859లో టిషెన్‌డార్ఫ్ రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ అండతో మూడోసారి మఠానికి వెళ్లాడు. ఫిబ్రవరి 4న మఠం వ్యవహారాలు చూసే ఆయన తన గదిలో ఎర్రగుడ్డలో చుట్టిన ఆకులు చూపించాడు. పాఠం ఎక్కించుకోవడానికి వాటిని మొదట కైరోకు తెప్పించారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో టిషెన్‌డార్ఫ్ రసీదు రాసిచ్చి ప్రతిని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తీసుకెళ్లాడు. అడిగినప్పుడు క్షేమంగా తిరిగిస్తానని ఆ రసీదులో ఉంది. అది ఇప్పటికీ మఠం దగ్గరే ఉంది. 1862లో ఆయన నాలుగు సంపుటాల్లో ప్రతిరూపం అచ్చువేశాడు. ప్రతి మాత్రం తిరిగి వెళ్లలేదు.

1869లో కొత్త ఆర్చ్‌బిషప్ కాలిస్ట్రాటస్ దాన్ని చక్రవర్తికి కానుకగా ఇస్తున్నట్టు పత్రం మీద సంతకం చేశాడు. మఠానికి 9,000 రూబుళ్లు అందాయి. మధ్యలో ఆ పదవి గురించే పెద్ద గొడవ నడిచింది, కొత్త ఆర్చ్‌బిషప్‌కు రష్యా గుర్తింపు అవసరమైంది. కాగితం మీద కానుక ఉంది, కాదనలేం. కానీ వస్తువు పదేళ్లుగా అవతలివాళ్ల చేతిలో ఉండగా, వాళ్ల మద్దతు అవసరమైన మనిషి చేసిన సంతకాన్ని ఇష్టపూర్వకమైన కానుక అనడానికి నాకు మనసొప్పదు. మఠం బాధలో న్యాయం ఉంది.

మరి లండన్‌కు?

విప్లవం తర్వాత సోవియట్ ప్రభుత్వానికి విదేశీ డబ్బు కావలసి వచ్చింది. 1933లో లక్ష పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియంకు (దాని గ్రంథాలయమే తర్వాత బ్రిటిష్ లైబ్రరీలో భాగమైంది) అమ్మేసింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో కూడా అందులో సగానికి కొంచెం పైగా బ్రిటన్ ప్రజల చందాల నుంచే వచ్చింది. ఆ తర్వాత డగ్లస్ కాకరెల్ అనే పుస్తక శిల్పి దాన్ని రెండు సంపుటాలుగా బైండు చేశాడు.

ఇప్పుడు ఎక్కడుంది?

నాలుగు చోట్ల. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో 347 ఆకులు, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 43, సెయింట్ కేథరిన్ మఠంలో 12 ఆకులు, 14 ముక్కలు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యా జాతీయ గ్రంథాలయంలో కొన్ని ఆకుల ముక్కలున్నాయి.

మఠంలోనివి 1975లో బయటపడ్డాయి. ఉత్తరపు గోడ దగ్గర పనులు చేస్తుంటే, ఎప్పుడో కూలి మూసుకుపోయిన గది ఒకటి తెరుచుకుంది. వందల రాతప్రతుల మధ్య ఈ ఆకులూ కనిపించాయి.

ఇది 19వ శతాబ్దపు నకిలీ అని వీడియోలు వస్తున్నాయి?

ఆ మాట కొత్తది కాదు. నకిలీ ప్రతులు అమ్ముతూ పేరుమోసిన సిమోనిడెస్ అనే గ్రీకు వ్యక్తి, 1862లో ఇది తానే గ్రీకు మఠాలున్న ఆథోస్ కొండ మీద రాశానని పత్రికలకెక్కాడు. టిషెన్‌డార్ఫ్ అంతకుముందు అతని నకిలీని బయటపెట్టాడు, ఆ కక్ష ఉంది.

వాదన నిలవదు. కనీసం ముగ్గురి చేతిరాత, వేర్వేరు శతాబ్దాల దిద్దుబాట్లు, వేల గంటల పని ఒక్క యువకుడు చేసేది కాదు. 1761లోని డొనాటి డైరీ ఉంది. మూసుకుపోయిన గదిలో దొరికిన ఆకులున్నాయి. లైప్‌జిగ్ ఆకులు తెల్లగా, లండన్ ఆకులు పసుపుగా కనిపిస్తాయని చూపిస్తారు. ఫొటోలు వేర్వేరు చోట్ల, వేర్వేరు లైటింగ్‌లో తీసినవి, స్క్రీన్ మీద రంగును బట్టి చర్మం వయసు తేల్చలేం.

మన తెలుగు బైబిల్‌కూ దీనికీ సంబంధం ఉందా?

నేరుగా లేదు, చుట్టు తిరిగి ఉంది. 1818లో శ్రీరాంపూర్‌లో తెలుగు కొత్త నిబంధన అచ్చయ్యే నాటికి పండితలోకానికి ఈ ప్రతి తెలియదు. అప్పట్లో అచ్చులో ఉన్న గ్రీకు పాఠం చాలా తర్వాతి కాలపు ప్రతుల మీద ఆధారపడింది. 1881లో వెస్ట్‌కాట్, హోర్ట్ అనే ఇంగ్లీషు పండితులు ఈ కోడెక్స్‌కూ, రోములోని వాటికన్ కోడెక్స్‌కూ పెద్దపీట వేసి కొత్త గ్రీకు పాఠం తెచ్చారు. ఆ తర్వాతి అనువాదాల మీద ఆ ప్రభావం పడింది. మీ బైబిల్ పుట కింద "కొన్ని ప్రాచీన ప్రతులలో" అనే గమనిక కనిపిస్తే, ఆ ప్రాచీన ప్రతుల్లో ఇదొకటి అయ్యే అవకాశం ఎక్కువ.

చూడాలంటే ఎలా? గ్రీకు రాదు కదా?

లండన్ వెళ్లేవాళ్లకు బ్రిటిష్ లైబ్రరీలోని సర్ జాన్ రిట్‌బ్లాట్ గ్యాలరీ ఉంది, ప్రవేశం ఉచితం. అద్దాల వెనక ఒక్క చోటే తెరిచి ఉంటుంది.

ఇంట్లో కూర్చునే మొత్తం చూడొచ్చు. నాలుగు సంస్థలూ 2005లో ఒప్పందం చేసుకుని ఆకులన్నిటినీ ఫొటోలు తీయించాయి, 2009 జులై నుంచి కోడెక్స్ సైనైటికస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాయి. ఎడమవైపు పుట, కుడివైపు అచ్చు గ్రీకు అక్షరాలు వస్తాయి. ఏదైనా మాట నొక్కితే చిత్రంలో అదెక్కడుందో చూపిస్తుంది. లైటింగ్ ఆప్షన్ మార్చి ఏటవాలు వెలుతురు పెడితే చర్మం ముడతలు, సూదిమొన గీతలు కూడా కనిపిస్తాయి. ఫోన్ కంటే కంప్యూటర్ నయం.

మొదటిసారి చూస్తుంటే లూకా 10వ అధ్యాయం తెరవండి, 31 నుంచి 33కు పాఠం ఎలా దూకిందో వెతకండి. తర్వాత మార్కు చివరి పుట, యోహాను చివరి పుట. పైగీత ఉన్న పవిత్ర నామాలను ఒక పుటలో లెక్కపెట్టమని పిల్లలకు చెప్తే, వాళ్లు మీకంటే ముందే పట్టేస్తారు.